‘మీ బ్లౌజు రెడీ’ అని ఎవరు చెప్పాలి?



ఈసారి ఇంటి ఖర్చుల లెక్క ఎక్సెల్‌లో ఎలా వేసుకోవాలో రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమనుకోకండి. శ్రావణమాసంలో మా దగ్గర ఒక సంగతి జరిగింది. దాని గురించి గ్రూపులో నలుగురు నాలుగు రకాలుగా అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే పోతుంది కదా అని ఇక్కడ రాస్తున్నా.

బ్రాంప్టన్‌లో మాకొక టైలరక్క ఉంది. బేస్‌మెంట్‌లో రెండు మిషన్లు పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. ఫాల్, పీకో, లైనింగ్, అడిగితే మగ్గం వర్క్ కూడా. వరలక్ష్మీ వ్రతం ముందు వారం ఆవిడ చేతిలో అరవై బ్లౌజులున్నాయి. పగలంతా కుట్టడం, రాత్రి పది దాటాక ఫోను పట్టుకుని ఒక్కొక్కరికీ మెసేజ్ కొట్టడం. ‘మీ బ్లౌజు రెడీ అండి. రేపు 4 నుంచి 7 లోపు రండి. ఇంకా 25 డాలర్లు ఇవ్వాలి.’ పేరు మారుతుంది, డాలర్లు మారతాయి, మిగతాదంతా ఒకటే. మిషన్ మీద వంగినా రాని మెడ నొప్పి ఈ మెసేజ్‌లతో వస్తోందని నాతో అనేది.

వాళ్లబ్బాయి గ్రేడ్ 12. అమ్మ కష్టం చూడలేక ఇంటర్నెట్‌లో వెతికి ఒక పైథాన్ ప్యాకేజీ పట్టుకొచ్చాడు. అది కంప్యూటర్లో చాట్ పేజీ తెరిచి, మనిషి టైప్ చేసినట్టే టైప్ చేసి, మనిషి నొక్కినట్టే బటన్ నొక్కుతుంది. అరవై మెసేజ్‌లు కొద్ది నిమిషాల్లో వెళ్లిపోయాయి. ఆ రాత్రి అక్క పదిన్నరకే పడుకుంది.

పొద్దున లేచేసరికి ఆవిడ నంబరును ఆ చాట్ సర్వీసు ఆపేసింది. మామూలు ఫోను పనిచేస్తోంది కానీ చాట్ తెరుచుకోవడం లేదు. అసలు దెబ్బ ఇంకోటి. ‘ఈ మెడ డిజైన్ కావాలి’, ‘చేతులు ఇంతే పొడవు’ అని అందరూ పంపిన ఫొటోలూ కొలతలూ ఆ చాట్‌లోనే ఉండిపోయాయి. అప్పీలు పెడితే తెరవడానికి ఐదు రోజులు పట్టింది. ఈలోపు శుక్రవారం రానే వచ్చింది. కొందరు పాత బ్లౌజుతోనే పూజ చేసుకున్నారు. పదకొండు మందికి కుట్టుకూలి వెనక్కి ఇచ్చింది. పిల్లాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

పిల్లాడిని తిట్టాల్సిన పని లేదని నేనన్నాను. పైథాన్ తప్పు కూడా కాదు. వాడు దొడ్డిదారిన వెళ్లాడు, అంతే. అదే పనికి రాజమార్గం ఉంది. ఈ నెల కాలమ్ ఆ రాజమార్గం గురించే.

ఏపీఐ, బైండింగ్స్: ఒక కౌంటరు, ఒక దుబాసీ

ఏపీఐ అంటే చాట్ సర్వీసు తనంతట తాను ప్రోగ్రాముల కోసం తెరిచిపెట్టిన కౌంటరు. బ్యాంకులో మనుషుల కౌంటరు వేరు, చెక్కులు వేసే పెట్టె వేరు ఉన్నట్టే. ‘ప్రోగ్రాములు ఈ కిటికీ దగ్గరికి రండి. మీరెవరో చూపించండి. ఎవరికి పంపాలో, ఏం పంపాలో ఈ ఫారంలో రాసివ్వండి’ అంటుంది. ఎవరో చూపించే ఆ గుర్తింపు పేరు టోకెన్. అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి తాళంచెవి అనుకోండి.

ఆ కిటికీ దగ్గర మాట్లాడే భాష హెచ్‌టీటీపీ, ఫారం రాసే పద్ధతి జేసన్. మనకేమో పైథాన్ వచ్చు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. పూర్వం కంపెనీ దొరలకీ మన వర్తకులకీ మధ్య నిలబడి మాట చేరవేసేవాళ్లే, ఆ దుబాసీ. పైథాన్ బైండింగ్స్ అంటే అదే. ‘ఈ మనిషికి ఈ మాట పంపు’ అని మనం పైథాన్‌లో ఒక్క లైను రాస్తే, అది కౌంటరు భాషలోకి మార్చి ఇచ్చి, వచ్చిన జవాబును మళ్లీ పైథాన్‌లో మన చేతిలో పెడుతుంది.

దీనికి మన కెనడాలోనే మంచి ఉదాహరణ ఉంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లంతా వాడే స్లాక్ వాంకూవర్ మూలాలున్నదే. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్, ఆయన తోటివాళ్లు టైనీ స్పెక్ అనే కంపెనీ పెట్టి గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేశారు. 2011లో విడుదలైన ఆ ఆట నిలబడలేదు, 2012 డిసెంబరులో మూసేశారు. కానీ వేర్వేరు ఊళ్లలో కూర్చుని పనిచేసిన ఆ టీము తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక చాట్ కట్టుకుంది. ఆట పోయింది, చాట్ మిగిలింది. దాన్నే బాగుచేసి 2013లో ప్రకటించి, 2014 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు. 2021లో సేల్స్‌ఫోర్స్ దాన్ని కొనేసింది. చీర చిరిగితే పిల్లకి లంగా కుట్టినట్టు, పాడైన దాంట్లోంచి పనికొచ్చేది తీశారన్నమాట.

స్లాక్ వాళ్లు పైథాన్ దుబాసీని తామే తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. పేరు స్లాక్ ఎస్‌డీకే. అందులో ‘చాట్ పోస్ట్ మెసేజ్’ అనే ఫంక్షన్‌కి ఛానల్ పేరూ, మెసేజ్ టెక్స్టూ ఇస్తే చాలు. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తట్టుకునే రాయి ఏమిటంటే, బాట్‌కి రాసే అనుమతి ఉంటే సరిపోదు, దాన్ని ఆ ఛానల్లోకి పిలవాలి కూడా. పిలవకపోతే ‘నువ్వు ఛానల్లో లేవు’ అనే ఎర్రర్ తిరిగొస్తుంది. పిలవని పేరంటం ఇక్కడా కుదరదు.

మరి బ్లౌజుల సంగతి?

టైలరక్క కస్టమర్లు స్లాక్‌లో ఉండరు కదా. అందుకని టెలిగ్రామ్‌తో మొదలుపెట్టాం. 2015 జూన్‌లో టెలిగ్రామ్ బాట్‌ల కోసం ఏపీఐ తెరిచింది. మామూలు వాడకానికి డబ్బు అడగదు. నేనూ వాళ్లబ్బాయీ కూర్చుని చేసిన వరస ఇది.

ఒకటి: టెలిగ్రామ్‌లో ‘బాట్‌ఫాదర్’ అని ఒక బాట్ ఉంది. అన్ని బాట్‌లకీ అదే నాన్న. దానికి ‘న్యూబాట్’ అనే ఆదేశం పంపితే పేరు అడుగుతుంది. యూజర్‌నేమ్ చివర ‘బాట్’ అని ఉండాలి. పూర్తవగానే టోకెన్ ఇస్తుంది.

రెండు: బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపలేదు. ఇదే నాకు బాగా నచ్చిన రూలు. కస్టమరు ముందుగా ఆ బాట్ తెరిచి ‘స్టార్ట్’ నొక్కాలి. అప్పుడే ఆవిడ చాట్ ఐడీ మనకు వస్తుంది. చాట్ ఐడీ అంటే ఒక అంకె, ఫోను నంబరు కాదు. ఆవిడ తానుగా ఇస్తే తప్ప బాట్‌కి ఫోను నంబరు తెలియదు.

మూడు: స్టార్ట్ నొక్కింది ఏ బ్లౌజు తాలూకు కస్టమరో ఎలా తెలియాలి? బాట్ లింకు చివర ‘స్టార్ట్’ అని పెట్టి ఒక కోడు తగిలించొచ్చు, 64 అక్షరాల దాకా. ఆ లింకును క్యూఆర్ చేసి బిల్లు మీద అంటించాం. ఫోనుతో స్కాన్ చేసి స్టార్ట్ నొక్కగానే, ఆ కోడు బాట్‌కి చేరుతుంది. ఈ చాట్ ఐడీ ఫలానా బిల్లుదని మా షీటులో పడుతుంది. వాళ్లబ్బాయి ముందు బిల్లు నంబరునే కోడుగా పెట్టాడు. 214 చూసినవాళ్లు 215 ఊహించలేరా? పక్కింటావిడ బ్లౌజు కబురు మనకొస్తుంది. అందుకని పైథాన్‌లోని ‘సీక్రెట్స్’ అనే మాడ్యూల్‌తో ఎవరూ ఊహించలేని కోడు తీసి పెట్టాం.

నాలుగు: పంపడం. ‘సెండ్ మెసేజ్’ అనే పద్ధతికి చాట్ ఐడీ, టెక్స్ట్ అని రెండే రెండు ఇవ్వాలి. ‘పైథాన్ టెలిగ్రామ్ బాట్’ అనే బైండింగ్ వాడొచ్చు. ఒక జాగ్రత్త: దాని 20వ వెర్షన్ నుంచి రాసే తీరు మారింది, ప్రతి పిలుపు ముందు ‘అవెయిట్’ అని ఉండాలి. పాత వీడియో చూసి రాస్తే కోడు నడవదు, తప్పు మీదే అనుకుని ఏడవకండి. మాలాగా రాత్రికి ఒకసారి నడిపే చిన్న పని అయితే ‘రిక్వెస్ట్స్’ అనే మామూలు లైబ్రరీ చాలు.

ఐదు: తొందరపడకూడదు. ఒకే మనిషికి సెకనుకు ఒకటి, మొత్తం మీద సెకనుకు 30 మించి పంపొద్దని టెలిగ్రామ్ చెప్తోంది. మించితే 429 అనే ఎర్రర్ ఇచ్చి, ఎన్ని సెకన్లు ఆగాలో కూడా చెప్తుంది. అన్ని సెకన్లూ ఆగి మళ్లీ పంపాలి. మేం ఒక్కో మెసేజ్‌కి ఒక సెకను ఆపాం. అరవై మందికి ఒక్క నిమిషం. ఆ నిమిషంలో టీ పెట్టుకోవచ్చు.

ఆరు: ఒక్కో మెసేజ్ వెళ్లగానే షీటులో ‘పంపాం’ అని గుర్తు పెట్టాలి, అన్నీ అయ్యాక కాదు. మధ్యలో వైఫై పోతే, మళ్లీ నడిపినప్పుడు మొదటివాళ్లకు రెండోసారి వెళ్తుంది. 403 అని వస్తే కస్టమరు బాట్‌ని బ్లాక్ చేసిందని అర్థం. ఆవిడకు ఫోను చేయండి, లేదా వదిలేయండి. ఇంకోటి, స్టార్ట్ నొక్కినవాళ్ల వివరాలు టెలిగ్రామ్ దగ్గర 24 గంటలే ఉంటాయి. అందుకని రోజుకు ఒకసారైనా ప్రోగ్రాము నడిపి వాటిని తెచ్చుకోవాలి.

మరి అందరూ వాడేది వాట్సాప్ కదా అంటారు. నిజమే. వాట్సాప్‌కీ రాజమార్గం ఉంది. 2022లో మెటా క్లౌడ్ ఏపీఐ తెరిచింది. కస్టమరు మనకు రాసిన 24 గంటల లోపు మామూలుగా జవాబివ్వచ్చు. అది దాటాక ముందే అనుమతి తీసుకున్న టెంప్లేటుతోనే రాయాలి, దానికి డబ్బు పడుతుంది. మన సొంత నంబరు కాకుండా విడిగా ఒక నంబరు పెట్టుకోవడం మేలు. పెద్ద దుకాణాలకు బాగుంటుంది. బేస్‌మెంట్ టైలరింగ్‌కి ముందు లెక్క చూసుకుని దిగండి.

తెలుగులో పంపితే

మన అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ‘స్త్రీ’ అని రాస్తే మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పైథాన్‌లో పొడవు అడిగితే 6 అంటుంది. మెసేజ్ పొడవైందని పైథాన్‌తో గుడ్డిగా కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి వింతగా కనబడుతుంది. బట్ట కత్తిరించినట్టే, ఎక్కడ కత్తెర పెట్టాలో చూసి పెట్టాలి. పదాల మధ్య ఖాళీ దగ్గర కోయండి.

టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్‌కి 4096 దాకా చోటుంది కాబట్టి భయం లేదు. మామూలు ఎస్సెమ్మెస్ పంపేవాళ్లకే చిక్కు. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే. పొడవైతే ముక్కలవుతుంది, ముక్కకు 67. అంటే 300 పొడవున్న తెలుగు కబురు ఐదు ఎస్సెమ్మెస్‌లు, అదే పొడవు ఇంగ్లీషులో రెండు. ముక్కకింత అని బిల్లేసే సర్వీసుల్లో ఇది జేబుకు తెలుస్తుంది.

ఇంకో చిన్న మాట. కస్టమర్ల పేర్లు తెలుగులో ఉన్న ఫైలును విండోస్‌లో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. రాయకపోతే పేర్ల బదులు పిచ్చి గీతలు వస్తాయి.

చట్టం సంగతి

కెనడాలో స్పామ్‌కి వ్యతిరేకంగా ఒక చట్టం ఉంది. కాజిల్ అంటారు. 2014 జూలై 1 నుంచి అమల్లో ఉంది. చూసేది సీఆర్‌టీసీ. ఈమెయిల్‌కే కాదు, ఎస్సెమ్మెస్‌కీ చాట్ మెసేజ్‌కీ వర్తిస్తుంది. వ్యక్తులకు జరిమానా పది లక్షల డాలర్ల దాకా, కంపెనీలకు కోటి డాలర్ల దాకా వేయొచ్చు. మనలాంటివాళ్లను పట్టుకుంటారా అని నవ్వకండి, రూలు తెలుసుకోవడం మంచిదే.

‘మీరిచ్చిన బ్లౌజు రెడీ’ అనేది ఒప్పుకున్న పని గురించిన కబురు. దానికి విడిగా అనుమతి అక్కర్లేదు. ‘కొత్త కంచి చీరలు దిగాయి, దసరాకి పది శాతం తగ్గింపు’ అనేది ప్రకటన. దానికి అనుమతి కావాలి. నోటితోనో రాతతోనో అడిగి తీసుకున్నది ఒకటి. అడగకపోయినా, మన దగ్గర కొన్నవాళ్లకు కొన్న రోజు నుంచి రెండేళ్ల దాకా అనుమతి ఉన్నట్టే లెక్క. ధర అడిగి వెళ్లిపోయినవాళ్లకు ఆరు నెలలు. ఎప్పుడైనా ప్రశ్న వస్తే అనుమతి ఉందని చూపించాల్సింది పంపినవాళ్లే. అందుకే షీటులో ‘ఏ రోజు ఒప్పుకుంది’ అని ఒక వరస పెట్టుకోండి.

మెసేజ్‌లో మనం ఎవరో, మన పోస్టు చిరునామా, ఆపేయమనడానికి సులువైన దారి ఉండాలి. ఆపమన్నాక పది పనిదినాల్లోపు ఆపాలి. ఇంటి చిరునామా ఇవ్వడం ఇష్టం లేకపోతే పోస్టాఫీసు బాక్సు నంబరు ఇచ్చినా చెల్లుతుంది. మా బాట్‌లో ‘ఆపు’ అని తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా పేరు తీసేస్తుంది. ఆ ఒక్క పనికి వాళ్లబ్బాయి నాలుగే లైన్లు రాశాడు.

తాళంచెవి, పేర్ల పట్టీ

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి దాటవేయకండి.

టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వాళ్లదే. వాళ్లు మన పేరుతో మన కస్టమర్లకు ఏమైనా రాయగలరు, ‘డబ్బు ఈ అకౌంటుకు పంపండి’ అని కూడా. కోడు పనిచేయడం లేదని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేటప్పుడు టోకెన్ కనబడుతోందా చూసుకోండి. కోడులో రాయకుండా, కంప్యూటర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో దాచి అక్కణ్ణుంచి చదివించండి. పొరపాటున బయటపడితే బాట్‌ఫాదర్ దగ్గర ‘రివోక్’ అంటే పాతది చచ్చిపోయి కొత్తది వస్తుంది. తర్వాత చేద్దాంలే అనుకోకుండా ఆ నిమిషమే చేయండి.

టోకెన్ మార్చుకోవచ్చు, పేర్ల పట్టీ మార్చుకోలేం. మేం షీటు తయారుచేస్తుంటే టైలరక్క ఒక పేరు దగ్గర ఆగింది. ‘ఈ పిల్లది మాత్రం ఇందులో ఎక్కించొద్దు’ అంది. ఎందుకని అడిగితే, ఆ అమ్మాయి ఇల్లు మారిందనీ, ఎక్కడుంటోందో కొందరికి తెలియకూడదనీ, తన ఫోను నంబరు ఎవరికీ ఇవ్వొద్దని చేతులు పట్టుకుని చెప్పిందనీ అంది. బ్లౌజు రెడీ అయితే ఆ అమ్మాయే ఫోను చేసి కనుక్కుంటుంది.

నేను అప్పటిదాకా షీటులో పేరు, నంబరు, ఇంటి చిరునామా, ‘సాయంత్రం ఒక్కతే ఉంటుంది’ లాంటి డెలివరీ నోట్సు అన్నీ ఒకే చోట పెట్టిస్తున్నా. అలవాటు. ఆవిడ మాట విన్నాక కూర్చుని ఆలోచించాం. మెసేజ్ పంపడానికి కావాల్సింది చాట్ ఐడీ, బిల్లు కోడు, బాకీ. ఈ మూడే. చిరునామాలు తీసేశాం. కొలతలు అక్క పాత నోటు పుస్తకంలోకే వెళ్లిపోయాయి. ఒక లైను తప్పు పడి షీటంతా అరవై మందికీ వెళ్లినా, అందులో ఎవరి ఇల్లూ ఉండదు. టెలిగ్రామ్ బాట్ చాట్‌లకు రెండు చివర్ల మధ్య పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉండదని కూడా గుర్తుంచుకోండి. రహస్యాలు అందులో రాయొద్దు.

కొత్త కోడు ఏది రాసినా ముందు మీ ఒక్కరి చాట్ ఐడీకే పంపి చూసుకోండి. తర్వాత ఇంట్లో ఇద్దరికి. ఆ తర్వాతే అందరికీ.

ఇప్పుడు ఎలా నడుస్తోందంటే, టైలరక్క కస్టమర్లలో సగం మందికి పైగా క్యూఆర్ స్కాన్ చేశారు. కొందరు పెద్దవాళ్లు ‘ఇదేంటమ్మా, నువ్వే ఫోను చేసెయ్’ అన్నారు. వాళ్లకు ఫోనే. రాత్రి తొమ్మిదిన్నరకు అబ్బాయి ప్రోగ్రాము నడుపుతాడు, అక్క పక్కనే కూర్చుని పేర్లు చదువుతుంది. చదవకుండా ఒక్కసారి కూడా నడపనివ్వలేదు. ‘బట్ట కోసే ముందు రెండుసార్లు కొలవాలిరా’ అంటుంది వాడితో.

ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది మళ్లీ వచ్చారు. దసరా బ్లౌజులు మొదలయ్యాయి.

మీలో ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే, ఎక్కడ ఆగిపోయారో రాసి పంపండి. టోకెన్ మాత్రం పంపకండి! వచ్చే నెల తప్పకుండా ఇంటి ఖర్చుల ఎక్సెల్.